అమ్మవారు పోసిన ముఖం

కెనడా దేశం, ఒంటారియో రాష్ట్రం, హామిల్టన్ నగరంలో ఉంటున్న కొండ్ర సరోజన అనే నేను, కీర్తిశేషులు కొండ్ర కొమరయ్య పెద్ద కూతురిని, వయసు అరవై ఒకటి, అవివాహితను, నా ఇష్టంతో, నా చేతిరాతతో రాసి పెడుతున్న చివరి వీలునామా ఇది. నా మనసు నిలకడగా ఉంది. కాలేయం పాడైంది, కాళ్ళకు నీరు దిగింది, కానీ ఎవరికి ఏమి ఇస్తున్నానో, ఎందుకు ఇస్తున్నానో నాకు స్పష్టంగా తెలుసు. నన్ను ఎవరూ ఒత్తిడి చేయలేదు, ఎవరూ బతిమాలలేదు. 2016లో రాసిన వీలునామాను దీనితో రద్దు చేస్తున్నాను. అందులో నా చెల్లెలి పేరు ఎక్కడా లేదు.

ఆస్తి పంపకాలను ఇంగ్లిష్‌లో పెట్టే లాయరు గారు, వీలునామాలో కథలు అక్కర్లేదని సౌమ్యంగా చెప్పారు. కోర్టుకు అక్కర్లేకపోవచ్చు. నా వారసులకు కావాలి. ఎవరికి ఏం వచ్చిందో తెలిసి, ఎందుకు వచ్చిందో తెలియకపోతే వాళ్ళు ఒకరినొకరు అనుమానించుకుంటారు.

ఒకటి. ఈ వీలునామాను అమలు జరిపే బాధ్యతను నా చెల్లెలు శాంత కూతురు వర్షిణికి అప్పగిస్తున్నాను. వయసు ఇరవై ఆరు. ఇక్కడికి దగ్గరి మిల్టన్ ఊళ్ళో పెరిగిన పిల్ల, తెలుగు చదవలేదు. కాబట్టి ఇదంతా నేను బతికుండగానే ఆమెకు చదివి వినిపించాను. మధ్యలో ఒకసారి ఆపమంది. లేచి వెళ్ళి నీళ్ళు తాగి వచ్చి, మళ్ళీ వింది.

రెండు. నా ఆస్తి ఇది: హామిల్టన్‌లో ఇక్కడివాళ్ళు మౌంటెన్ అని పిలిచే ఎత్తు మీద రెండు గదుల అపార్ట్‌మెంటు, బ్యాంకులో దాచుకున్నది, ఒక చేతి గడియారం, నాలుగు అరల లెక్కల పుస్తకాలు, ఒక తెల్లబోర్డు, అమ్మ బీడీల కత్తెర. కత్తెర తప్ప అన్నీ నా కష్టంతో వచ్చినవే. ఎవరి చలవా లేదు అని రాయాలని ఉంది, కానీ అది అబద్ధమవుతుంది. నన్ను ఈ దేశానికి తెచ్చింది శాంత. ఎలా తెచ్చిందో చెప్పాలంటే ముందు 1973 గురించి చెప్పాలి.

మాది జగిత్యాల దగ్గరి ఊరు. నాన్న రాళ్ళ క్వారీలో పనిచేసేవాడు, అమ్మ బీడీలు చుట్టేది. నాకు ఐదో ఏట అమ్మవారు పోసింది. బతికాను. ముఖమంతా గుంటలు మిగిలాయి, ఎడమ కంట్లో పువ్వు పడింది. శాంత అప్పుడు రెండేళ్ళ పిల్ల. నాకు జ్వరం వచ్చిన రోజే ఆమెను అమ్మమ్మ ఇంటికి పంపేశారు. ఆమె ముఖం మీద ఒక్క మచ్చ పడలేదు. పైగా నాయనమ్మ పోలిక, పచ్చటి పిల్ల. నాది అమ్మ నలుపు.

హైదరాబాద్‌లో ఉండే చిన్నమ్మకు పిల్లలు లేరు. చిన్నాయన బ్యాంకులో గుమాస్తా. మా ఇద్దరిలో ఒకరిని తీసుకెళ్ళి చదివిస్తామనీ, చదువులో ముందున్న పెద్దదాన్నే పంపమనీ ఉత్తరం రాశారు. ఆ ఉత్తరం మా బడి సారు అందరి ముందూ చదివాడు. అమ్మ నాకు గులాబీ రంగు గౌను కుట్టించింది. వాళ్ళు వచ్చిన రోజు నేను ఇరవయ్యో ఎక్కం దాకా అప్పజెప్పాను. చిన్నాయన మెచ్చుకున్నాడు. అమ్మవారు పోసిన తర్వాత చిన్నమ్మ నన్ను చూడటం అదే మొదలు. నా ముఖం చూసి, చూపు తిప్పుకుని, వాకిట్లో ఆడుకుంటున్న శాంతను చూసింది. తర్వాత లోపలికి వెళ్ళి అమ్మతో అన్నది నాకు తలుపు పక్క నుంచి వినిపించింది.

“చిన్నదాన్ని ఇయ్యి అక్కా. పెద్దదాన్ని యాడికన్న తోల్కపోతే, ముఖానికి ఏమైందని అందరు అడుగుతరు.”

నా గౌను శాంతకు తొడిగారు. వదులుగా ఉంటే వెనక పిన్నీసులు పెట్టారు. శాంత బస్సు ఎక్కే దాకా ఏడుస్తూనే ఉంది. నేను ఏడవలేదు. ఎక్కాల్లో ఎక్కడ తప్పు పోయిందా అని చాలా రోజులు ఆలోచించాను.

మూడు. ఈ అంశంలో పంపకం ఏమీ లేదు. లాయరు గారు దీన్ని వదిలేయవచ్చు.

శాంత కాన్వెంటులో చదివింది. అక్కడ వచ్చేది ఇంగ్లిష్ ఒక్కటే కాదు. కొత్తవాళ్ళ ముందు తల దించకుండా నిలబడటం వస్తుంది. కావలసినదాన్ని, అది ముందే తనదైనట్టు అడగటం వస్తుంది. నేను బడి నుంచి వచ్చి అమ్మ పక్కన కూర్చుని తునికాకు కత్తిరిస్తూ చదువుకున్నాను. పదో తరగతిలోనూ, డిగ్రీలోనూ మా ఇద్దరిలో నా మార్కులే ఎక్కువ. బి.ఎస్సీ. లెక్కల్లో, ఆ తర్వాత బి.ఇడి. అయినా ఎవరైనా ప్రశ్న అడిగితే నేల చూసి జవాబు చెప్పేదాన్ని. నేల చూడటం ఎవరూ నేర్పలేదు. ముఖం దాచుకోవడానికి అదే దగ్గరి దారి.

1988లో కరీంనగర్‌లో ఒక ప్రైవేటు బడిలో టీచరు ఉద్యోగానికి వెళ్ళాను. రాత పరీక్షలో నాదే మొదటి స్థానం. కరస్పాండెంటు నన్ను కూర్చోబెట్టి, టీ తెప్పించి, ఎంతో మర్యాదగా మాట్లాడాడు.

“నీ సదువుకు వంక పెడ్తలేనమ్మా. పిల్లలు జడుసుకుంటరు.”

ఆఫీసు గదిలో కూర్చుని ప్రశ్నపత్రాలు తయారుచేసే పని ఇచ్చాడు. తీసుకున్నాను. పదకొండేళ్ళు చేశాను. నేను రాసిన నోట్సుతో వేరేవాళ్ళు పాఠాలు చెప్పారు. ఇన్‌స్పెక్షన్ రోజున నాకు సెలవు ఇచ్చేవారు. తర్వాత ఆడపిల్లల హాస్టల్లో మేట్రన్‌గా చేరాను.

అప్పటికి శాంత బ్యాంకు ఆఫీసరు అయింది, జయదేవ్ గారిని పెళ్ళి చేసుకుంది, ఇద్దరు పిల్లలతో కెనడాకు వచ్చి మిల్టన్‌లో కొత్త ఇల్లు కొనుక్కుంది. 2003లో నాకు ఫోన్ చేసింది. అక్కలను స్పాన్సర్ చేయడం కుదరదట. ఇంట్లోనే ఉండి పిల్లల్ని చూసుకునే మనిషిగా అయితే వీసా వస్తుందట. రెండేళ్ళు పనిచేస్తే ఇక్కడే ఉండిపోవడానికి పీఆర్‌కి అప్లై చేసుకోవచ్చట. సరేనన్నాను. హాస్టల్లో పరాయి పిల్లల్ని చూసుకునేకన్నా చెల్లెలి పిల్లల్ని చూసుకోవడం మేలని అనుకున్నాను.

నేను వచ్చిన మొదటి ఆదివారం వాళ్ళింటికి పది కుటుంబాలు భోజనానికి వచ్చాయి. నేను పులిహోర గిన్నె పట్టుకుని నిలబడి ఉన్నాను. ఈవిడ ఎవరని ఒకావిడ అడిగింది. శాంత ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. “మా ఊరావిడండీ, సరోజన గారు. పిల్లల్ని చూసుకుంటారు” అంది. పనిచేసేవాళ్ళను కూడా గారు అని పిలిచే ఇల్లు అని ఆవిడ మెచ్చుకుంది. జయదేవ్ గారు విన్నారు, ప్లేట్లు తేవడానికి వంటగదిలోకి వెళ్ళారు. నేను పులిహోర వడ్డించాను. ఆ ఇంట్లో ఐదేళ్ళున్నాను. పిల్లలు నన్ను ఆంటీ అని పిలిచారు. నేనూ దిద్దలేదు. ఆ నేరంలో నాకూ భాగం ఉంది.

నాలుగు. శాంత కొడుకు లోహిత్‌కు, ఆసుపత్రి లాండ్రీలో పదిహేనేళ్ళ సర్వీసుకు నాకిచ్చిన చేతి గడియారం ఇస్తున్నాను. నీకు మంచి గడియారాలు చాలా ఉన్నాయని తెలుసు లోహిత్. ఇది నేలమాళిగలో పనిచేసిన గడియారం. ఎప్పుడైనా ఒకసారి పెట్టుకో.

నీమీద నాకు కోపం లేదు. నీకూ మీ చెల్లెలికీ ఒకే భోజనాల బల్ల మీద, ఒకే పుస్తకంలోంచి లెక్కలు చెప్పాను. వర్షిణి నీకన్నా రెండేళ్ళు చిన్నదైనా నీ లెక్కలు ముందు చేసేది. బడి నుంచి వచ్చిన కాగితాల్లో మాత్రం నువ్వు చురుకైనవాడివి, నాయకుడివి. ఆమె నెమ్మది, ముభావం. నిన్ను తెలివైన పిల్లల ప్రత్యేక తరగతికి సిఫారసు చేశారు. నీ నవ్వు అలాంటిది, నీ రంగు అలాంటిది. అది నీ తప్పు కాదు, నీ గొప్పా కాదు. తర్వాత వర్షిణిని కూడా పరీక్షించమని అడగడానికి నేనే బడికి వెళ్ళాను. టీచరు నన్ను ఆపాదమస్తకం చూసి, పిల్లకు మీరు ఏమవుతారని అడిగింది. నేను నానీని, పిల్లల్ని చూసుకునే మనిషిని అన్నాను. నా నోటితో నేనే అన్నాను. ఇలాంటివి తల్లిదండ్రులతోనే మాట్లాడతామని ఆమె నవ్వుతూ చెప్పింది. తిరిగి వచ్చేశాను.

ఇప్పుడు టొరంటోలో నువ్వు మనుషులను ఉద్యోగాల్లోకి తీసుకునే చోట కూర్చున్నావు. ఒక్కటే కోరిక. వచ్చినవాళ్ళ కాగితం ముందు చదువు. ముఖం తర్వాత చూడు.

ఐదు. నా అపార్ట్‌మెంటును అమ్మి, వచ్చినదానిలో సగం వర్షిణికి ఇస్తున్నాను. ఈ సగానికి షరతు ఏమీ లేదు.

వర్షిణీ, నువ్వు నా రంగు. ప్రతి ఆదివారం శనగపిండి, మీగడ, నిమ్మరసం కలిపి నీ ఒళ్ళు రుద్దమని మీ అమ్మ చెప్పేది. రుద్దింది నేను. నిమ్మరసం మంట పెట్టేది, నువ్వు పళ్ళ బిగువున ఓర్చుకునేదానివి. ఏడేళ్ళ పిల్లవు, అద్దంలో చూసుకుని, రంగు వచ్చిందా అని ఇంగ్లిష్‌లో అడిగేదానివి. కొంచెం వచ్చిందని చెప్పేదాన్ని. ఆ మాట అనకుండా ఉండాల్సింది. చిన్నమ్మ నా ముఖం చూసి చూపు తిప్పుకున్నది ఒక్కసారి. నేను నీ ఒంటి మీద ఆ పని ప్రతివారం చేశాను. ఈ వీలునామాలో నేను క్షమించమని అడుగుతున్నది ఇద్దరిని. మొదట నిన్ను.

2008లో నేను మీ ఇల్లు వదిలి హామిల్టన్ వచ్చేశాను. ఐదేళ్ళ తర్వాత మీ అమ్మ ఫైళ్ళలో నా పాత వీసా కాగితాలు నీ కంటపడ్డాయి. నా తండ్రి పేరూ, మీ అమ్మ తండ్రి పేరూ ఒకటే. నీకు పద్నాలుగేళ్ళు. ఎవరికీ చెప్పకుండా బస్సులు మారి హామిల్టన్ వచ్చి, లాండ్రీ గేటు దగ్గర మూడు గంటలు నిలబడ్డావు. నేను డ్యూటీ దిగి బయటికి వచ్చేసరికి చలికి నీ పెదవులు పగిలిపోయి ఉన్నాయి. నీకు అప్పటికి తెలుగులో తిండి పదార్థాల పేర్లు తప్ప ఏమీ రావు. ఈ ఒక్క మాటను నీ స్నేహితురాలిని అడిగి నేర్చుకుని వచ్చావు.

“పెద్దమ్మా” అన్నావు.

నా పెళ్ళి గురించి, పిల్లల గురించి అడిగినవాళ్ళకు నేను జవాబు చెప్పడం మానేసింది ఆ రోజు నుంచే. నాకు చాలింది.

ఇప్పుడు నువ్వు స్టాటిస్టిక్స్ చదివి, వీడియో ఇంటర్వ్యూలకు ముఖం మీద వెలుగు పడేలా దీపం పెట్టుకుని కూర్చుంటున్నావు. దీపం ఎందుకని నేను అడగలేదు. ఈ డబ్బుతో నువ్వు ఏం చేసుకున్నా నీ ఇష్టం. చర్మానికి ఏదైనా చేయించుకోవాలనిపిస్తే, పెద్దమ్మ ఏమనుకుంటుందో అని ఆగకు. వద్దనే హక్కు నాకు లేదు, ఆ శనగపిండి తర్వాత.

ఆరు. బ్యాంకులో ఉన్నదంతా శనివారం లెక్కల తరగతికి చెందాలి. లైబ్రరీ గది అద్దెకూ, పుస్తకాలకూ వాడాలి. తెల్లబోర్డు, నా నాలుగు అరల లెక్కల పుస్తకాలు కూడా తరగతికే.

ఆ తరగతి ఎలా మొదలైందో రాస్తాను. 2012లో మా ఆసుపత్రిలో పేషెంట్లను నమోదు చేసుకునే కౌంటర్‌లో ఉద్యోగం పడింది. నేలమాళిగ లాండ్రీలో నాలుగేళ్ళు దుప్పట్లు మడిచిన నేను అప్లై చేశాను. కంప్యూటర్ పరీక్షలో నాకు అందరికన్నా ఎక్కువ వచ్చింది. ఇంటర్వ్యూలో ముగ్గురు కూర్చున్నారు. వారం తర్వాత అందులో ఒకావిడ నన్ను పిలిచి, కౌంటర్‌కు వచ్చేవాళ్ళు అప్పటికే కంగారులో ఉంటారనీ, అక్కడ మొదట కనిపించే మనిషి వాళ్ళకు తేలిగ్గా అనిపించాలనీ, కింద టీమ్‌కు నేను ఎంతో విలువైనదాన్ననీ చెప్పింది. ఆవిడ మంచి మనిషే. గొంతులో బాధ కూడా ఉంది. నేను మెట్లు దిగుతూ ఆవిడ ఇంగ్లిష్‌ను తెలుగులోకి మార్చుకుంటే, కరీంనగర్‌లో విన్న ముక్కే వచ్చింది.

ఆ ఏడాదే నా పక్కన దుప్పట్లు మడిచే బిమ్లా, తన మనవరాలికి లెక్కలు రావడం లేదు, కాస్త చెప్పమంది. బిమ్లా వాళ్ళు ఫిజీ దీవుల నుంచి బ్రిటిష్ కొలంబియాకూ, అక్కడి నుంచి ఇక్కడికీ వచ్చారు. మూడు తరాల కింద వాళ్ళ పెద్దలు తెలుగువాళ్ళు. ఆమెకు తెలుగులో అమ్మ, అన్నం, దేవుడు, దెబ్బలు అనే నాలుగు మాటలే వచ్చు. మనవరాలు సోనాల్‌కు ఆరేళ్ళు. నన్ను చూడగానే కంట్లో ఏముందని అడిగింది. పువ్వు అన్నాను. వాసన వస్తుందా అని దగ్గరికి వచ్చి ముక్కు పెట్టి చూసింది. తర్వాత కూర్చుని కూడికలు చేసింది. అంతే. మరుసటి శనివారానికి నలుగురు వచ్చారు. పదేళ్ళలో నలభై మంది అయ్యారు. ఒక్క పిల్ల గాని, ఒక్క పిల్లవాడు గాని జడుసుకోలేదు. నలభై ఎనిమిదేళ్ళ వయసులో ఆ సంగతి నాకు తెలిసింది. తెలిసి సంతోషించాను అని రాయలేను. పోయిన ఏళ్ళు గుర్తొచ్చి ఆ శనివారాల్లో చాలాసార్లు ఇంటికి వచ్చి ఏమీ తినకుండా పడుకున్నాను.

ఏడు. అపార్ట్‌మెంటు అమ్మగా వచ్చినదానిలో మిగతా సగం నల్గొండ జిల్లాకు చెందిన రేవంత్‌కు ఇస్తున్నాను. అతని చిరునామా, ఫోన్ నంబరు వర్షిణి దగ్గర ఉన్నాయి. నేను చేస్తే ఫోన్ ఎత్తడు. వర్షిణి చేయాలి.

ఈ అంశం రాయడానికి నాకు మూడు రోజులు పట్టింది. 2022లో నాకు జబ్బు మొదలైంది. తరగతి నడపడానికి ఒక మనిషి కావాల్సి వచ్చింది. కాలేజీల్లో చదువుకుంటున్న ఇద్దరు తెలుగు అబ్బాయిలు వచ్చారు. సాయి తేజ హైదరాబాద్‌లో పెద్ద బడిలో చదివినవాడు. చక్కటి ఇంగ్లిష్, చక్కటి చొక్కా, అందరి కళ్ళలోకీ చూసి మాట్లాడతాడు. రేవంత్ ఊరి బడిలో చదివినవాడు. చిన్నప్పుడు ఫ్లోరైడ్ నీళ్ళు తాగడం వల్ల అతని పళ్ళన్నీ గోధుమరంగు చారలు పడి, అంచులు పెళుసెక్కి ఉన్నాయి. ఇంగ్లిష్ వెతుక్కుంటూ మాట్లాడతాడు. నేను ఇద్దరినీ పిల్లలకు భిన్నాలు చెప్పమన్నాను. సాయి తేజ బోర్డు మీద బాగానే చెప్పాడు. రేవంత్ బోర్డు జోలికి పోలేదు. తలా ఒక కాగితం ఇచ్చి, మడతపెట్టించి, మళ్ళీ మడతపెట్టించి, మీ చేతిలో ఎన్నో వంతు ఉందో మీరే చెప్పండి అన్నాడు. రెండు నెలలుగా భిన్నాలంటే ఏడ్చే పిల్ల లేచి నిలబడి జవాబు చెప్పింది. అలా చెప్పేవాణ్ణి నేను నా జన్మలో చూడలేదు.

సాయి తేజను తీసుకున్నాను.

తల్లిదండ్రులు గుమ్మం దగ్గర నిలబడి ఇద్దరినీ చూశారు. వాళ్ళ చూపు నేను చూశాను. రేవంత్‌ను పక్కకు పిలిచి, కమ్యూనికేషన్ ఇంకొంచెం మెరుగుపడాలి బాబూ, పేరెంట్స్ తేలిగ్గా మాట్లాడగలగాలి కదా అన్నాను. ఆ మాటలు నా నోట్లో ఎంత సులువుగా దొర్లాయో ఇప్పటికీ మరచిపోలేను. అతను సరే మేడం అన్నాడు. కాగితాలన్నీ ఏరి, బల్ల తుడిచి మరీ వెళ్ళాడు. సాయి తేజకు నాలుగు నెలల్లో టొరంటోలో ఉద్యోగం వచ్చింది, వెళ్ళిపోయాడు. అతని తప్పేమీ లేదు. తరగతి సగానికి పడిపోయింది.

ఏడాదిన్నర తర్వాత రేవంత్‌ను వెతుక్కుంటూ వెళ్ళాను. బిమ్లా కారులో బ్రాంప్టన్ తీసుకెళ్ళింది. ఒక ఇంటి బేస్‌మెంట్‌లో ఐదుగురితో కలిసి ఉంటున్నాడు, గోదాములో పెట్టెలు ఎత్తే పని చేస్తున్నాడు. చదువుకు తగిన ఉద్యోగాలకు చాలా ఇంటర్వ్యూలు ఇచ్చాడట. వర్క్ పర్మిట్ అయిపోవస్తోంది. మాకు టీ పెట్టి ఇచ్చాడు. మాట్లాడుతున్నంతసేపూ ఎడమ చేయి నోటికి అడ్డం పెట్టుకునే ఉన్నాడు. మొదటిసారి మా తరగతికి వచ్చినప్పుడు అతనికి ఆ అలవాటు లేదు. నేను చేసింది తప్పని చెప్పాను, తరగతి నువ్వే నడపాలని అడిగాను. అతను కప్పు కింద పెట్టాడు.

“అందరు పళ్ళే చూస్తరని తెలుసు మేడం. మీరు చూడరనుకున్న.”

కోపంగా అనలేదు. అలా అన్నాక, బయట మంచు పడుతోంది జాగ్రత్తగా వెళ్ళండని కూడా అన్నాడు. తరగతికి రాలేదు. ఈ ఏడాది మార్చిలో పర్మిట్ అయిపోయి ఊరికి వెళ్ళిపోయాడు.

రేవంత్, ఇది నీకు క్షమాపణ కింద కట్టిన ధర కాదు. నీకు ఇవ్వాల్సిన కుర్చీని వేరేవాళ్ళకు ఇచ్చాను. ఆ కుర్చీ ఇక ఇవ్వలేను కాబట్టి నా ఇంట్లో సగం ఇస్తున్నాను. పళ్ళు బాగు చేయించుకోమని నేను అనను. చేయించుకుంటే తప్పనీ అనను. నువ్వు తీసుకోనంటే ఈ సగం కూడా శనివారం తరగతికి చేరాలి. కానీ తీసుకో.

ఎనిమిది. నా చెల్లెలు శాంతకు అమ్మ బీడీల కత్తెర ఇస్తున్నాను.

మొన్న జూన్‌లో ఇక మందులు పనిచేయవని డాక్టర్లు చెప్పిన వారానికి, శాంత ఆసుపత్రికి ఒంటరిగా వచ్చింది. జయదేవ్ గారు పోయాక ఆమె చాలా చిక్కిపోయింది. జుట్టుకు రంగు వేయడం మానేసింది. కుర్చీ మంచం దగ్గరికి లాక్కుని కూర్చుని చాలాసేపు నా దుప్పటి అంచు సరిచేస్తూ ఉండిపోయింది. ఈ పదిహేడేళ్ళలో మేము పెళ్ళిళ్ళకూ చావులకూ తప్ప మాట్లాడుకోలేదు. చివరికి మాట్లాడినప్పుడు, ఆమె నోట మా ఊరి భాష వచ్చింది. ఆరేళ్ళ పిల్లగా బస్సు ఎక్కిన తర్వాత ఆ భాష ఆమె నోట నేను వినలేదు.

“ఎండల ఆడితే చిన్నమ్మ కొట్టేదక్కా. నల్లబడితే నిన్ను ఎనకకు తోలేసి మీ అక్కను తెచ్చుకుంట అనేది. లెక్కలల్ల మార్కులు తక్కువొస్తే గూడ అదే మాట. నువ్వు మా ఇంటికొచ్చిన నాడు, నాకు యాభై మంది నడుమ గూడ అదే భయం. నా జాగల నిన్ను కూసుండబెడ్తరని.”

ముప్పై ఆరేళ్ళ మనిషి, బ్యాంకు ఆఫీసరు, సొంత ఇంట్లో, పులిహోర గిన్నె పట్టుకున్న నన్ను చూసి అలా భయపడిందట. తన కూతురి ఒంటికి శనగపిండి రుద్దించింది కూడా ఆ భయంతోనేనట. నల్లగా ఉన్న పిల్లను ఎవరో వచ్చి వెనక్కి పంపేస్తారని.

నేను ఆమెను ఓదార్చలేదు. తల నిమరలేదు. నీళ్ళు ఇవ్వమన్నాను, ఇచ్చింది, తాగాను. చిన్నప్పటి నుంచి నేను అనుకున్నది ఒకటే, శాంతను ఎంచుకున్నారు, నన్ను వదిలేశారు అని. ఎంచుకున్న పిల్లను కూడా రోజూ తూకం వేసి చూస్తూనే ఉన్నారని నాకు తెలియదు. యాభై ఏళ్ళ కోపం పోలేదు. పెట్టుకోవడానికి చోటు లేకుండా పోయింది. ఆమె వెళ్ళేటప్పుడు నా చెప్పులు మంచం కిందికి జరిపి, జతగా పెట్టి వెళ్ళింది. ఆ తర్వాత ప్రతి గురువారం వస్తోంది. మేము ఎక్కువ మాట్లాడుకోం.

శాంతా, నీకు తెలియనిది ఒకటుంది, కత్తెరతో పాటు అది కూడా తీసుకో. ఏటా బడులు తెరిచే రోజు అమ్మ వంటింటి గోడ మీద బొగ్గుతో రెండు గీతలు గీసేది. ఒకటి నన్ను నిలబెట్టి. రెండోది నువ్వు లేకుండా, అందాజుగా, ఈ ఏటికి ఇంత పెరిగుంటది అని. గోడకు సున్నం వేసినప్పుడు ఆ మూల వదిలేసేది. నువ్వు పదిహేనేళ్ళప్పుడు ఒకసారి వచ్చి, రెండు గంటలుండి, ఇంగ్లిష్‌లో మాట్లాడి వెళ్ళిపోయావు. ఆ సాయంత్రం అమ్మ, నువ్వు తన భుజానికి ఎంత వచ్చావో గుర్తు చేసుకుని చూసుకుంటే, ఆమె గీత నీకన్నా రెండు వేళ్ళు ఎత్తుగా ఉంది. అక్కడ కడుపునిండా పెడ్తలేరేమో అని ఆమె ఏడ్చింది. నిన్ను ఇచ్చేసినందుకు ఏడవడం నేను చూసింది ఆ ఒక్కసారే.

తొమ్మిది. బిమ్లాకు నా ఉన్ని శాలువా, వంట గిన్నెలు ఇవ్వాలనుకున్నాను. కానీ సాక్షిగా సంతకం పెట్టేవాళ్ళకు వీలునామాలో ఏమీ రాకూడదట. రెండిట్లో ఏది కావాలో చెప్పమన్నాను. సంతకమే పెడతానంది. పదిహేడేళ్ళు నేను దుప్పటి రెండు కొసలు పట్టుకుంటే మిగతా రెండు ఆమె పట్టుకుంది. ఆ సంగతి ఇక్కడ రాయడానికి చట్టం అడ్డు రాదని లాయరు గారు చెప్పారు.

పది. నా శరీరం గురించి. దహనం చేయాలి. బూడిదను ఏ దేశానికీ తీసుకెళ్ళనక్కర్లేదు.

అంత్యక్రియల సంస్థ నుంచి వచ్చిన అమ్మాయి ఎంతో ఓపికగా అన్నీ అడిగి రాసుకుంది. చివర్లో నా ముఖం వంక చూసి, మీకు ఇష్టమైతే ఆ రోజుకు గుంటలన్నీ మైనంతో నింపి, రంగు వేసి, ఒక్కటి కూడా కనబడకుండా చేస్తామని చెప్పింది. కన్ను ఎలాగూ మూసే ఉంటుంది కదా అంది. ఆలోచించుకుని చెబుతానన్నాను.

నిజం రాస్తాను. ఆ అమ్మాయి వెళ్ళాక ఒక గంటసేపు ఆశపడ్డాను. అరవై ఒకటో ఏట, ఇంకొన్ని వారాలు కూడా లేని మనిషిని, నున్నటి ముఖంతో పడుకుని ఉంటే ఎలా ఉంటానో అని మళ్ళీ మళ్ళీ ఊహించుకున్నాను. చేత్తో తడుముకుని చూసుకున్నాను. ఇంత చదువు, ఇంత కోపం, నలభై మంది పిల్లలు, ఇవేవీ ఆ గంటను ఆపలేకపోయాయి.

తర్వాత ఫోన్ చేసి వద్దన్నాను. మైనం వద్దు, రంగు వద్దు, ముఖం కడిగి తుడిస్తే చాలు. ఇది గర్వం కాదు. ఆ రోజు శాంత వచ్చి పెట్టె దగ్గర నిలబడి చూస్తుంది. లోపల ఉన్నది ఎవరో ఆమె గుర్తుపట్టాలి.

పైన రాసినదంతా నేనే రాసి, నేనే చదువుకుని, ఇద్దరు సాక్షుల ఎదుట నా చేత్తో సంతకం చేస్తున్నాను. జబ్బుతో నా రాత మారింది. సంతకం బ్యాంకులో ఉన్నదానితో కలవకపోతే, ఇది నాదేనని వాళ్ళిద్దరూ చెబుతారు.

2025 అక్టోబర్ 4, శనివారం, హామిల్టన్.

(సంతకం) కొండ్ర సరోజన

సరోజన మా ఇద్దరి కళ్ళ ముందు సంతకం చేసింది. ఆమె చూస్తుండగా, ఒకరి ముందు ఒకరం మేమూ చేశాం.

సాక్షులు:
1. బిమ్లా నాయుడు, హామిల్టన్, ఆసుపత్రి లాండ్రీ ఉద్యోగిని
2. జ్ఞానేంద్ర నాయుడు, బిమ్లా భర్త, హామిల్టన్, రిటైర్డ్ బస్సు డ్రైవరు